తలుపు బల్ల

వీధి తలుపు ఊడదీయడం మామయ్య వంతు.
మూడు బందులు, తుప్పుపట్టిన రెండు సీలలు.
వైను పీపాల మీద వెల్లకిలా పడుకోబెట్టి
పైన తెల్లదుప్పటి పరిస్తే
పద్నాలుగు మందికి బల్ల, సర్దుకుంటే ఇరవై.
అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంతే,
చుట్టాలొస్తే మా ఇంటికి తలుపుండదు.

ఇవాళా ఊడదీశాం.
ఆవిడ పెట్టే భోజనానికి కాదు,
ఆవిడ పేర పెట్టే భోజనానికి.

మక్వాలా అంటే మా గురియా కొండల్లో
ముళ్ళపొద మీద కాసే నల్లపండు.
తొంభై నాలుగేళ్ళు కాసింది.
ముల్లు మాత్రం నోట్లో ఉండేది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు రైలుపెట్టెలో కొలువు.
బతూమి నుంచి మాస్కో, అక్కణ్ణించి
మంచు తప్ప ఊరి పేరే లేని చోట్లకి.
కాలికి బలపం కట్టుకు పుట్టింది మీ అమ్మమ్మ,
అనేవాడు తాతయ్య, చల్లారిన అన్నం ముందు కూర్చుని.
బలపం కాదు తాతయ్యా, సమోవార్.
అర్ధరాత్రి ఏ సిపాయి కుర్రాడో దగ్గితే
ఇత్తడి తొడుగు గ్లాసులో వేడి టీ,
కోటు జేబులోంచి మా పెరటి నిమ్మకాయ.
నిమ్మకాయకి రైల్వే ఏనాడూ లెక్క కట్టలేదు.

ఒక నోటుపుస్తకం ఉండేది.
చూసిన ఊళ్ళు రాసుకుందనుకున్నాం. తెరిస్తే:
"తాష్కెంట్ లెక్కల మేష్టారు, ఉల్లిపాయ పడదు.
ఓమ్స్క్ కవలలు, పెద్దదానికి మీగడంటే రోత.
పదకొండో బెర్తు, పేరు చెప్పలేదు, ఒకటే ఏడుపు.
దిండు పక్కన రొట్టె పెట్టాను. తెల్లారేసరికి లేదు."
ఎందుకే ఇవన్నీ అంటే
"రేపు మనింటికొస్తే?" అనేది.
పంతొమ్మిదేళ్ళకి వచ్చాడు మేష్టారు,
చంకలో పుచ్చకాయతో, ఆయాసపడుతూ, ఒజుర్గేతి కొండెక్కి.
కూరలో ఉల్లిపాయ లేదు.

అలాగని దేవతను చెయ్యకండి.
అతిథిని దేవుడు పంపుతాడని మా దేశంలో చంటిపిల్లలూ అంటారు.
అమ్మమ్మా అనేది,
వాడు వీధి మలుపు తిరిగాక మాత్రం
"దేవుడికి ఇంతకన్నా మంచివాడు దొరకలేదూ?" అనేది.
ఆపైన చెంచాలు లెక్కపెట్టేది,
పక్కింటికి వినిపించేలా.
నలభై రెండు.

సుఖుమి తగలబడ్డ ఏడు
మంచుకొండ దాటి నడిచొచ్చారు పదకొండు మంది.
కరెంటు లేదు. రైళ్ళు లేవు. పింఛను చిత్తుకాగితం.
ఆ చలికాలమంతా తలుపు బల్లగానే ఉండిపోయింది.
గుమ్మానికి రైల్వే కంబళి వేలాడదీసింది.
రాత్రి ఆ బల్ల మీదే ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టేవాళ్ళు.
ఇంకెన్నాళ్ళని తాతయ్య ఒక్కసారే అడిగాడు.
"ఎక్కించుకున్నవాళ్ళని దారిలో దింపుతానా?"
మళ్ళీ అడగలేదు.

చివరి నెలలో మంచమే బెర్తయింది.
"ఏ స్టేషనిది?"
నోటికొచ్చిందేదో చెప్పేదాన్ని.
సమ్‌త్రెదియా అన్నానంటే
"రెండు నిమిషాలే ఆగుతుంది, దిగి పళ్ళు కొనుక్కురా, పరిగెత్తు!"
నిజంగానే పెరట్లోకి పరిగెత్తి
చెట్టునున్న పెర్సిమన్ ఒకటి కోసుకొచ్చేదాన్ని.
ఒకనాడు నేనొచ్చేసరికి
బండి కదిలిపోయింది.

ఇవాళ ఎతెరి వచ్చింది.
ఆ పదకొండు మందిలో అందరికన్నా చిన్నది, ఇప్పుడు పళ్ళ డాక్టరు.
మాంసం పలావు చల్లారిపోతుంటే
దుప్పటి అంచెత్తి చెక్క తడుముతోంది.
దొరికింది. మేకుతో గీసిన వంకరటింకర అక్షరాలు, తన పేరు.
"నిద్రపట్టక గీశాను. ఆవిడ చూసిందో లేదో."
మామయ్య నవ్వాడు.
ఆ చోట ఆవిడ ఎప్పుడూ రొట్టెల పళ్ళెం పెట్టించేదట,
ఎందుకో చెప్పకుండా.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోమి
చెంచాలు నేనే లెక్కపెట్టాను, పక్కింటికి వినిపించేలా.
నలభై మూడు.
మళ్ళీ పెట్టాను.
నలభై మూడే.
తలుపు రేపు బిగిద్దాంలే అన్నాడు మామయ్య.